ఇంటికొచ్చిన ఇంటర్వ్యూ

తిరుపతిలోని ఒక డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు బోధించడం నా వృత్తి. ప్రతి ఆదివారం ఉదయం చివరి సంవత్సరం విద్యార్థులకు ఉద్యోగ ఇంటర్వ్యూలలో శిక్షణ ఇస్తుంటాను. కళాశాల అప్పగించిన పని కాదది. పాకాల ప్రాంతంలోని ఒక దళితవాడ నుంచి వచ్చి ఉద్యోగం సంపాదించుకున్నవాడిగా నా మీద నేను వేసుకున్న బాధ్యత. కరోనాకు ముందు ఈ శిక్షణ అంటే తలుపు తట్టి లోపలికి వెళ్లడం, నమస్కరించడం, కూర్చోమన్నాక కూర్చోవడం. ఇప్పుడు అవేవీ లేవు. బెంగళూరు, చెన్నై, హైదరాబాదు సంస్థలు మొదటి రెండు దశల ఇంటర్వ్యూలను వీడియో కాల్‌లోనే ముగిస్తున్నాయి. అందుకే నేనొక కాగితం తయారు చేసి పంచుతున్నాను. అందులో పదకొండు సూచనలున్నాయి. వెలుతురు ముఖం మీద పడాలి, వెనుక నుంచి రాకూడదు. ఫోను కంటి ఎత్తులో నిలబెట్టాలి. ఛార్జింగు నిండుగా ఉండాలి. రెండో సిమ్ సిద్ధంగా ఉండాలి. మాట్లాడేటప్పుడు తెర మీది ముఖాన్ని కాక కెమెరాను చూడాలి. ఇలా సాగే ఆ కాగితంలో తొమ్మిదో సూచన ఇది: ‘మీ వెనుక గోడ ఖాళీగా ఉండాలి. పటాలు, క్యాలెండర్లు, బట్టలు తీసివేయండి.’

ఈ సూచనను నాలుగేళ్లపాటు ఏ సందేహమూ లేకుండా పంచాను. గత వేసవిలో ఒక తల్లి నన్ను ప్రశ్నించేదాకా దానిలో ఏముందో నాకు తోచలేదు.

ఆమె కూతురు నా విద్యార్థిని. కంప్యూటర్ సైన్సులో మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి. తల్లి ఏటా మామిడి కాపు కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో దినకూలీ, మిగిలిన నెలల్లో పొలం పనులు. బెంగళూరులోని ఒక సంస్థ నుంచి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగానికి ఆ అమ్మాయికి పిలుపు వచ్చింది. ముందురోజు సాయంత్రం అభ్యాసం కోసం నేను తిరుపతి నుంచి వీడియో కాల్ చేశాను. తెర మీద అమ్మాయి ముఖం, ఆమె వెనుక సున్నం వేసిన గోడ, ఆ గోడ మీద అంబేడ్కర్ పటం కనిపించాయి. అంతా బాగుందని చెప్పి, అలవాటుగా, ‘వెనుక ఉన్న పటం తీసెయ్యమ్మా’ అన్నాను. అమ్మాయి మారు మాట్లాడకుండా లేచింది. తెరకు అవతల నుంచి తల్లి గొంతు వినిపించింది.

‘అయివోరా, ఆ పటం నేను తీయను. మా బిడ్డ చదువుకునిందే ఆయన పుణ్యాన. ఉద్యోగం కోసరం ఆయన్నే గోడ దించమంటారా?’

నా దగ్గర జవాబు లేదు. ‘కెమెరాలో గోడ ఖాళీగా ఉంటే బాగుంటుంది, అంతేనమ్మా’ అని నసిగాను. నిజానికి అది అబద్ధం. అక్కడ వేంకటేశ్వరుడి పటం ఉండి ఉంటే నేను అంత తొందరగా తీసెయ్యమని ఉండేవాడిని కాదు. తిరుపతి చుట్టుపక్కల ఏ ఇంటి గోడ మీదనైనా ఆ పటం సహజంగానే కనిపిస్తుంది, దాన్ని చూసి ఎవరూ కులం ఊహించరు. అంబేడ్కర్ పటం మాత్రం ఆ ఇంటి చిరునామా చెబుతుందని నాకు తెలుసు. ఆ భయాన్నే నేను ‘తొమ్మిదో సూచన’ అనే మర్యాదకరమైన పేరుతో పంచుతున్నాను. చివరికి అమ్మాయి పటం తీయలేదు. మంచాన్ని ఎదుటి గోడ వైపు తిప్పుకుని, వాన నీళ్ల చారలు కనిపించకుండా దుప్పటి కట్టుకుంది.

మరునాటి ఇంటర్వ్యూ ఎలా జరిగిందో ఆ అమ్మాయి తర్వాత నాకు పూసగుచ్చినట్లు చెప్పింది. ఇద్దరు అధికారులు. ఒకరికి తెలుగు వచ్చు. మొదట గుర్తింపు కోసం ఆధార్ కార్డును కెమెరాకు దగ్గరగా, రెండు వైపులా చూపమన్నారు. వెనుక వైపు చిరునామా ఉంటుంది. తెలుగు వచ్చిన అధికారి దాన్ని పైకి చదివాడు. ఊరి పేరు దగ్గర కాదు, దాని పక్కనున్న ‘హరిజనవాడ’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాడు. తర్వాత, ‘మీ నాన్నగారు ఏం చేస్తారు?’ అని అడిగాడు. తండ్రి చనిపోయాడని చెబితే, ‘అమ్మగారు?’ అన్నాడు. ‘ఇంట్లో చదువుకున్నవాళ్లు ఇంకెవరున్నారు? బెంగళూరులో మీకు బంధువులున్నారా?’ అన్నాడు. టెస్టింగ్ గురించి రెండు ప్రశ్నలు వచ్చాయి, రెండింటికీ ఆమె సరిగానే చెప్పింది. పావుగంటలో అంతా అయిపోయింది. ‘సార్, ఆయన మర్యాదగానే మాట్లాడినాడు. నేనే ఎందుకో ఆ మాట చదివినాక సరిగా మాట్లాడలేకపోయినాను’ అంది.

ఆమె ఎంపిక కాలేదు. కారణం చెప్పలేదు. ఆ అధికారి మనసులో వివక్ష ఉందని నేను చెప్పలేను. ఆమె కంటే మెరుగైనవారు ఉండి ఉండవచ్చు. లేదా ఆ క్షణపు విరామమే ఆమె ఆత్మవిశ్వాసాన్ని తినేసి ఉండవచ్చు. నేటి కుల వివక్షలో తెలుసుకోలేకపోవడమే పెద్ద చిక్కు. తిట్టు ఉంటే సాక్ష్యం ఉంటుంది. ఒక విరామానికి, ఒక ‘మామూలు’ ప్రశ్నకు సాక్ష్యం ఎక్కడుంటుంది?

నా మొదటి ఇంటర్వ్యూ 1990లలో హైదరాబాదులో జరిగింది. స్నేహితుడి చొక్కా, మేనమామ బూట్లు వేసుకుని రాత్రి బస్సెక్కాను. ఆ గదిలోకి వెళ్లింది నేను, నా సర్టిఫికెట్లు మాత్రమే. మా ఇంటి గోడ, మా వీధి, మా అమ్మ గొంతు అక్కడికి రాలేదు. చొక్కా అరువుదని వారికి తెలియదు. అడగాలనుకున్నవాళ్లు అప్పుడూ అడిగేవాళ్లు. ఇంటిపేరును బట్టి కులం తేలకపోతే ఊరు అడుగుతారు, ఊరితో తేలకపోతే వీధి అడుగుతారు. అయితే అడగడానికి వారు కొంత శ్రమ పడాల్సి వచ్చేది, చెప్పకుండా ఉండటానికి నాకు కొంత వీలుండేది. ఇప్పుడు ఇంటర్వ్యూయే ఇంటికి వస్తోంది. తెర కింద పూర్తి పేరు, తెర వెనుక గోడ, కార్డు మీద వాడ. అడగకుండానే అన్నీ హాజరవుతున్నాయి.

ఇలా అన్నానని వీడియో ఇంటర్వ్యూ చెడ్డదని కాదు. బెంగళూరుకు రానూపోనూ ఛార్జీలు, ఒక రాత్రి బస, కూలి పోగొట్టుకుని తోడు వెళ్లే మనిషి ఖర్చు అది తప్పించింది. ఆడపిల్లను ఒంటరిగా పంపలేక పిలుపు వచ్చినా వదులుకున్న కుటుంబాలు నాకు తెలుసు. అలాంటి ఇళ్ల అమ్మాయిలు ఇప్పుడు కనీసం మొదటి దశ దాకా వెళ్లగలుగుతున్నారు. కుప్పం నుంచి నగరి దాకా ఏ పల్లెకైనా ఇది నిజమైన లాభమే. కానీ ఈ లాభానికి ముందస్తు షరతులున్నాయి. 2017–18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాలలో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, డేటా చవకయింది. గదులు మాత్రం పెరగలేదు. ఒకే గదిలో నలుగురు బతికే ఇంట్లో, అరగంటపాటు నిశ్శబ్దంగా తలుపు వేసుకోవడమే ఒక ఆస్తి. వెనుక దృశ్యాన్ని మార్చి చూపే సదుపాయం ఉంది కదా అని పట్నం మిత్రులు అంటారు. పాత ఫోనులో అది సరిగా పనిచేయక తల చుట్టూ అంచులు చెదిరి, దాచుకుంటున్నారన్న సంగతినే చాటుతుంది.

కులం ఉద్యోగ ఎంపికను ప్రభావితం చేస్తుందా అన్న ప్రశ్నకు ఊహలతో జవాబు చెప్పనక్కరలేదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ జరిపిన అధ్యయనం 2007లో ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వచ్చింది. వారు 66 వారాలపాటు పత్రికలలో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానంగా ఉన్న దరఖాస్తులలో మారినవి పేర్లు మాత్రమే. ఉన్నతకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి 0.67, ముస్లిం పేరుకు 0.33 అని తేలింది. ఇంటర్వ్యూ దాకా రాకముందే, ముఖం చూడకముందే ఆ తేడా వచ్చింది. అదే సంచికలో సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్‌ల పరిశోధన మరో సంగతి చెప్పింది. ఢిల్లీ పరిసరాల పెద్ద సంస్థల నియామకాధికారులు 25 మందితో వారు మాట్లాడారు. తాము ప్రతిభనే చూస్తామని చెప్పిన ఆ అధికారులే అభ్యర్థి కుటుంబ నేపథ్యం అడగడం అవసరమని దాదాపు ఏకగ్రీవంగా భావించారు. ‘మీ నాన్నగారు ఏం చేస్తారు?’ అన్న ప్రశ్న వారికి కుల ప్రశ్న కాదు, వ్యక్తిత్వాన్ని తెలుసుకునే సాధనం. తండ్రి డాక్టరైన అభ్యర్థికి అది ఇంటర్వ్యూ మొత్తంలోకీ తేలికైన ప్రశ్న. తల్లి కూలి పనికి వెళ్లే అమ్మాయికి అదే అత్యంత కఠినమైన ప్రశ్న. ఒకే ప్రశ్న ఇద్దరినీ ఒకేలా కొలవదు.

ఇక చిరునామా సంగతి. మన చిత్తూరు, తిరుపతి జిల్లాలలో ఒకే పేరుతో రెండు నివాసాలుంటాయి. ఒకటి ఊరు, రెండోది అదే పేరు పక్కన హరిజనవాడ, దళితవాడ, అరుంధతివాడ, ఆది ఆంధ్రవాడ అన్న తోకతో ఉండే వాడ. ‘ఆది ఆంధ్ర’ అన్నది 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభలో ఆత్మగౌరవ ప్రకటనగా ముందుకొచ్చిన పేరు. ఈ నేలకు మొదటి వారసులం మేమేనని చెప్పుకోవడానికి ఎన్నుకున్న మాట అది. ప్రభుత్వ దస్త్రంలోకి వచ్చేసరికి ఆ మాటే ఊరికీ వాడకూ మధ్య గీతగా మిగిలింది. ‘హరిజన’ అన్న మాటను ధ్రువపత్రాలలో వాడవద్దని కేంద్ర హోంశాఖ 1982లోనే రాష్ట్రాలకు చెప్పింది. ఆ మాటతో పిలవడం అవమానకరమని సుప్రీంకోర్టు 2017లో వ్యాఖ్యానించింది. వ్యక్తిని పిలవకూడని మాట ఆ వ్యక్తి గుర్తింపు కార్డు మీద మాత్రం ఇంకా ఉంది. కులాల పేర్లతో ఉన్న వాడల పేర్లు మార్చాలని మహారాష్ట్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. కేరళ ప్రభుత్వం 2024 జూన్‌లో ‘కాలనీ’ వంటి పేర్లకు స్వస్తి చెబుతూ ఉత్తర్వు ఇచ్చింది. మన రాష్ట్రంలో ఆ పని ఊరూరా గ్రామసభల సమ్మతితో, వాడవాసులు తామే ఎంచుకున్న పేర్లతో జరగవలసి ఉంది. పేరు మారితే కులం పోదు. కానీ పరిచయం పూర్తికాకముందే కులాన్ని చాటే పనిని ప్రభుత్వమే చేయడం ఆగుతుంది.

ఈ చర్చలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది నలభై ఏళ్లకు పైబడిన ఒక తీర్పు. శ్రీనగర్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల ప్రవేశాలపై అజయ్ హాసియా అనే విద్యార్థి, మరికొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. రాత పరీక్షకు 100 మార్కులు, ఇంటర్వ్యూకు 50. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలకు మించి ఇంటర్వ్యూ జరగలేదని, అందులోనూ అడిగినవి తల్లిదండ్రులెవరు, నివాసం ఎక్కడ అన్న ప్రశ్నలేనని వారి ఫిర్యాదు. 1980 నవంబరులో జస్టిస్ పి.ఎన్. భగవతి రాసిన తీర్పు ఇంటర్వ్యూకు మొత్తంలో 15 శాతానికి మించి మార్కులు కేటాయించడం నిరంకుశమని చెప్పింది. అంతటితో ఆగక, ఇకముందు ఇంటర్వ్యూలను టేపు రికార్డు చేయడం మంచిదని సూచించింది. ఏ ప్రశ్నలు అడిగారో, ఏ జవాబులు వచ్చాయో అప్పుడు సాక్ష్యం ఉంటుందన్నది న్యాయస్థానం ఆలోచన.

తండ్రి ఎవరు, నివాసం ఎక్కడ అన్న ఆ ప్రశ్నలే మారలేదు. మారింది పరికరం. ఆనాడు టేపు రికార్డరు కొనాలి, నిర్వహించాలి, భద్రపరచాలి. ఈనాడు వీడియో కాల్‌ను ఒక మీట నొక్కి రికార్డు చేయవచ్చు. ఎన్నో సంస్థలు చేస్తున్నాయి కూడా. ఆ రికార్డు అభ్యర్థిని మళ్లీ మళ్లీ చూసి తూచడానికి పనికొస్తోందే తప్ప, ప్రశ్నించినవారిని ప్రశ్నించడానికి పనికిరావడం లేదు. న్యాయస్థానం అభ్యర్థికి రక్షణగా ఊహించిన సాధనం ఇప్పుడు పూర్తిగా ఒకే పక్షం చేతిలో ఉంది.

ప్రభుత్వమే ఇంటర్వ్యూను అనుమానించింది. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్–సి, గ్రూప్–బి నాన్‌గెజిటెడ్ స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలను రద్దు చేసింది. కానీ మా విద్యార్థులలో అత్యధికులు వెళ్లేది ప్రైవేటు ఉద్యోగాలకు. రాజ్యాంగంలోని 16వ అధికరణ ఇచ్చే సమానావకాశ హామీ, రిజర్వేషన్లు అక్కడికి రావు. పరిశ్రమల సంఘాలు 2006 ప్రాంతంలో తెచ్చిన ప్రవర్తనా నియమావళి స్వచ్ఛందం, అంటే పాటించకపోయినా అడిగేవారు లేరు. మరోవైపు 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరం తన వివక్ష వ్యతిరేక చట్టంలో కులాన్ని చేర్చింది. అక్కడ మన తెలుగువాళ్లు ఉద్యోగం ఇచ్చేవారిగానూ, అడిగేవారిగానూ ఉన్నారు. సియాటిల్‌లో అడగకూడనిది బెంగళూరులో అడగవచ్చునా?

అసాధ్యమైన కోరికలు కోరడం లేదు. గుర్తింపు నిర్ధారణకు చిరునామా అవసరం లేదు. పాన్ కార్డు మీద పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫోటో ఉంటాయి, చిరునామా ఉండదు. మాస్క్‌డ్ ఆధార్ అంకెలను దాస్తుంది తప్ప వాడను దాచదు. కనుక మొదటి దశలో చిరునామా లేని కార్డుతోనే సరిపెట్టుకోవాలి, చిరునామా ఉద్యోగం ఇచ్చాక అడగాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా తీసుకున్న సమ్మతి ఏ పనికో ఆ పనికి అవసరమైన మేరకే సమాచారం అన్న సూత్రాన్ని గుర్తించింది. అందరికీ ఒకే ప్రశ్నావళి ఉండాలి, అందులో కుటుంబ ప్రశ్నకు చోటుండకూడదు. రికార్డు చేసినట్లయితే అభ్యర్థి కోరినప్పుడు ప్రతి ఇవ్వాలి. ఇక గది. విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయాలు, సాంఘిక సంక్షేమ వసతి గృహాలు, గ్రామ సచివాలయాలు తలా ఒక గదిని, మంచి కనెక్షన్‌తో, గంట చొప్పున ముందుగా నమోదు చేసుకునే వీలుతో ఇవ్వగలవు. అయితే అది సౌకర్యంగా ఉండాలి తప్ప దాక్కునే చోటుగా కాదు. ఇంట్లో కూర్చుని మాట్లాడదలచిన అమ్మాయికి ఆమె గోడ మీది పటం వల్ల ఏ నష్టమూ కలగకూడదు.

ఇవన్నీ జరిగేలోగా నేను చేయగలిగింది చిన్నది. నా కాగితం తిరగరాశాను. తొమ్మిదో సూచన కొట్టేశాను. దాని చోట ఇలా రాశాను: ‘గోడ మీ ఇష్టం. గుర్తింపుకు పాన్ కార్డు చూపండి. కుటుంబం గురించి అడిగితే, నా పని గురించి చెప్పమంటారా అని మర్యాదగా అడగండి. కాల్ ముగిసిన వెంటనే అడిగిన ప్రశ్నలన్నీ, పట్టిన సమయంతో సహా, వరుసగా రాసి పెట్టుకోండి.’ ఒక్కరి కాగితం ఫిర్యాదు కాలేదు. కానీ యాభై మంది కాగితాలు పక్కపక్కన పెడితే ఎవరిని ఏం అడిగారో, ఎవరిని ఏం అడగలేదో తేలుతుంది. ఆ పని ఈ ఏడాది మొదలుపెట్టాం. విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘాలు కలిసొస్తే రాష్ట్రమంతా చేయవచ్చు.

ఆ అమ్మాయి ఇప్పుడు మరో ఇంటర్వ్యూకు సిద్ధమవుతోంది. మొన్న అభ్యాసం కోసం కాల్ చేస్తే మంచం పాత చోటికే వచ్చింది, వెనుక దుప్పటి లేదు. ఈసారి నేను గోడ గురించి మాట్లాడలేదు. ‘గొంతు బాగా వినబడుతోందా సార్?’ అని అడిగింది. వినబడుతోందని చెప్పాను.